సర్వర్ ఆగుతోందని సర్వర్‌నే వద్దనవచ్చునా?

సంపాదకులకు,

నమస్కారం. రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోనూ వార్డు సచివాలయాల్లోనూ "సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి" అన్న మాట విని విని విసిగిపోయిన ఒక పాఠకుడు, ఈ సర్వర్ల పద్ధతికి స్వస్తి చెప్పి, ప్రతి కార్యాలయంలోని కంప్యూటరూ మిగతా కంప్యూటర్లతో సమాన హోదాలో నేరుగా మాట్లాడుకునే పీర్ టు పీర్ పద్ధతికి ప్రభుత్వం మారాలని ఇటీవల మీ లేఖల శీర్షికలో సూచించారు. ఆయన విసుగు న్యాయమైనదే. సూచనతోనే నాకు పేచీ. విజయవాడ, గుంటూరు నగరాల్లో చిన్నాపెద్దా కార్యాలయాలకు నెట్‌వర్కులు వేసి వాటి బాగోగులు చూసుకోవడం నా వృత్తి కనుక, ఈ రెండు పద్ధతుల్లో ఏది ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలబడుతుందో నాకు తెలిసినంతలో చెప్పదలచుకున్నాను.

అడిగే కంప్యూటర్లు వేరుగా, వాటికి సమాచారం ఇచ్చే కంప్యూటరు వేరుగా ఉంటే అది క్లయింట్ సర్వర్ పద్ధతి. బ్యాంకు కౌంటరులో గుమస్తా ముందున్న కంప్యూటరు క్లయింటు. మన ఖాతా నిల్వ ఉండేది మరెక్కడో ఉన్న సర్వర్లో. ప్రతి కంప్యూటరూ అవసరమైనప్పుడు అడుగుతూ, అవసరమైనప్పుడు తన దగ్గరున్నది ఇస్తూ, ఎవరి పెత్తనమూ లేకుండా నడిస్తే అది పీర్ టు పీర్. వినడానికి రెండోదే ప్రజాస్వామికంగా ఉంటుంది. ఖర్చు కూడా తక్కువ. చిన్న కార్యాలయాల యజమానులు దానివైపు మొగ్గడానికి కారణం ఈ ఖర్చే తప్ప ప్రజాస్వామ్యం మీద మమకారం కాదనుకోండి.

గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లోని ఒక కమీషన్ కొట్టు సంగతి చెబుతాను. అక్కడ ఐదు కంప్యూటర్లున్నాయి. సర్వర్ ఖర్చు వద్దని యజమాని ముందే చెప్పడంతో, ఎవరో టెక్నీషియన్ ఐదింటినీ స్విచ్ అనే కలిపే పెట్టెకు తగిలించి, విండోస్‌లోని వర్క్‌గ్రూప్ పద్ధతిలో ఫోల్డర్లు షేర్ చేసి వెళ్లాడు. లెక్కప్రకారం అది అచ్చమైన పీర్ టు పీర్ నెట్‌వర్కు. కానీ టాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్‌లోని లెక్కలన్నీ పెద్ద గుమస్తాగారి కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. టిక్కీల (మిర్చి బస్తాల) కాటా వివరాలు ఎక్కించే కుర్రవాడు, రైతులకు పట్టీలు (అమ్మకపు లెక్క చీటీలు) తీసే అమ్మాయి, బ్యాంకు పని చూసే మరో గుమస్తా అందరూ ఆ ఫోల్డర్‌నే తెరుస్తారు. ప్రింటరు కూడా దానికే తగిలించి ఉంది. మంచి సీజన్‌లో ఒక మధ్యాహ్నం పెద్ద గుమస్తాగారు భోజనానికి ఇంటికి వెళుతూ, అలవాటు కొద్దీ కంప్యూటర్ ఆపేసి వెళ్లేసరికి మిగిలిన చోట్ల పని ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. పట్టీ కోసం వచ్చిన రైతులు ఆయన తిరిగొచ్చేదాకా కొట్టు అరుగు మీదే కూర్చోవలసివచ్చింది. మర్నాడు ఆ సీపీయూ మీద "దీనిని ఆపరాదు" అని ఒక కాగితం అంటించారు.

ఆ కాగితం అంటించిన క్షణంలోనే అది సర్వర్ అయిపోయింది. కాకపోతే ఆ పెద్దరికానికి తగిన యూపీఎస్ లేదు, రెండో హార్డ్ డిస్క్ లేదు, రాత్రిపూట బ్యాకప్ లేదు. పైగా దాని మీదనే గుమస్తాగారు వచ్చినవారి పెన్‌డ్రైవులు పెడుతుంటారు, ఈమెయిల్‌లో వచ్చిన ఫైళ్లు తెరుస్తుంటారు. మన ఊళ్లలో పీర్ టు పీర్ పేరిట నడుస్తున్న చిన్న నెట్‌వర్కుల్లో నేను చూసినవి చాలావరకు ఇలా చాటుమాటుగా ఒక సర్వర్‌ను పెట్టుకున్నవే. రెండు మూడు కంప్యూటర్లతో నడిచే టైపింగ్ సెంటర్‌కో, జిరాక్స్ షాపుకో ఇదే చాలు. అక్కడ కూడా సర్వర్ అంటగట్టాలని చూసే వ్యాపారుల పక్షం వహించడం నా ఉద్దేశం కాదు.

కంప్యూటర్లు పెరిగేకొద్దీ లెక్క మారుతుంది. వర్క్‌గ్రూప్‌లో ఎవరి యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఏ కంప్యూటరుకు ఆ కంప్యూటరులోనే ఉంటాయి. ఇరవై మంది సిబ్బంది, ఇరవై కంప్యూటర్లు ఉండి, ఎవరైనా ఏ కంప్యూటరు ముందైనా కూర్చునే వీలుండాలంటే మొత్తం 400 ఖాతాలు తెరవాలి. ఒకరు ఉద్యోగం మానేసిన రోజున ఇరవై చోట్ల తీసేయాలి. ఎవరూ అంత పని పెట్టుకోరు. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి, అది కూడా మానిటరు అంచున రాసిపెట్టడంతో సమస్య ముగుస్తుంది, భద్రతా ముగుస్తుంది. సర్వర్ ఉన్నచోట ఆ ఖాతా ఒక్కచోటే ఉంటుంది కనుక ఒక్కసారి తీసేస్తే సరిపోతుంది. పైగా సర్వర్ కాని మామూలు విండోస్ 10 యంత్రం నుంచి ఒకేసారి 20 పరికరాలకు మించి ఫైళ్లు పంచుకోవడానికి మైక్రోసాఫ్ట్ లైసెన్సు అనుమతించదు. ఇరవై రెండో కంప్యూటరు కొన్న తర్వాత గాని చాలామందికి ఈ సంగతి తెలియదు.

2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు, విండోస్‌లో ఫైళ్లు పంచుకునే సేవలోని ఒక లోపాన్ని పట్టుకుని అది ఒక కంప్యూటరు నుంచి పక్క కంప్యూటరుకు తనంతట తాను దూకింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడినట్లు అప్పట్లో పత్రికల్లో చదివాం. ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది, వేసుకున్నవారు తక్కువ. ప్రతి కంప్యూటరూ ప్రతి కంప్యూటరుకూ తలుపు తెరిచి ఉంచే నెట్‌వర్కులో ఇలాంటి వైరస్‌కు అడ్డే ఉండదు. అదే సర్వర్ ఒక్కటే తలుపు తీసి, మిగతావన్నీ లోపలికి వచ్చే దారులు మూసుకుని కూర్చునే నెట్‌వర్కులో కాపలా కాయవలసిన గుమ్మం ఒక్కటే. ఆ ఒక్కటీ సరిగ్గా కాయకపోతే నష్టం ఇంకా పెద్దదన్నది కూడా నిజమే.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. రిజిస్ట్రేషన్ కార్యాలయాలను పీర్ టు పీర్‌గా మార్చవచ్చునా? ఉమ్మడి రాష్ట్రంలో 1998లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ మొదలైనప్పుడు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో దేనికి దానికి విడిగా ఒక సర్వర్, దానికి తగిలించిన కొన్ని కంప్యూటర్లు ఉండేవి. ఒక ఊళ్లో యంత్రం చెడితే ఆ ఊరి పనే ఆగేది. తరువాతి కాలంలో ఆ సమాచారాన్ని ఒకచోటికి చేర్చబట్టే మనం ఇంట్లో కూర్చుని ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు తెలిపే ధ్రువపత్రం) తీసుకోగలుగుతున్నాం, ఒక ఊరి ఆస్తికి మరో ఊళ్లో దస్తావేజు రాయించుకోగలుగుతున్నాం. చేర్చబట్టే ఇప్పుడు ఒక్కచోట ఆగితే రాష్ట్రమంతా ఆగుతోంది. లాభమూ నష్టమూ ఒకే నిర్ణయం నుంచి వచ్చినవి.

పాఠకుడు కోరినట్లు కార్యాలయాలన్నీ సమానమై, ఎవరి ప్రతి వారి దగ్గర ఉంచుకుని, మార్పులను ఒకరికొకరు తెలుపుకుంటూ పోతే ఏమవుతుందో చూద్దాం. కానూరులో ఒక స్థలం ఉన్నది. దాని యజమాని ఉదయం పది గంటలకు విజయవాడలో ఒకరి పేర రాసిచ్చాడు. అదే సమయానికి అతను ఇచ్చిన అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) ఉన్న తమ్ముడు గుంటూరులో మరొకరి పేర రాసిచ్చాడు. రెండు కార్యాలయాల మధ్య లైను ఆ గంటసేపు తెగి ఉన్నది. విజయవాడ కంప్యూటరు తన ప్రతి చూసుకుని స్థలం ఇంకా అమ్ముడుపోలేదన్నది, గుంటూరు కంప్యూటరూ అదే అన్నది. లైను కలిసిన తర్వాత రెండు ప్రతుల్లో రెండు వేర్వేరు యజమానుల పేర్లుంటాయి, రెండింటి మీదా ప్రభుత్వ ముద్ర ఉంటుంది. ఇక ఆ రెండు కుటుంబాలు ఎన్నేళ్లు కోర్టు చుట్టూ తిరుగుతాయో ఊహించుకోవచ్చు. ఊరికి ఒకే కరణం, ఆయన దగ్గర ఒకే దఫ్తరం ఉన్న రోజుల్లో ఆయన నిద్రలేచేదాకా అందరూ కాచుకోవలసివచ్చేది గాని, ఒకే పొలానికి రెండు దఫ్తరాలుండే అవస్థ ఉండేది కాదు.

కంప్యూటర్ శాస్త్రంలో దీనికి గట్టి సిద్ధాంతమే ఉంది. 2000 సంవత్సరంలో ఎరిక్ బ్రూవర్ ప్రతిపాదించి, 2002లో సేథ్ గిల్బర్ట్, నాన్సీ లించ్ నిరూపించిన ఆ సూత్రం ప్రకారం, వేర్వేరు చోట్ల ప్రతులున్న వ్యవస్థలో వాటి మధ్య లైను తెగినప్పుడు మన ముందు రెండే దారులుంటాయి: ప్రతులన్నీ ఒకే మాట చెప్పేదాకా పని ఆపడం, లేదా వేర్వేరు మాటలు చెప్పే ప్రమాదానికి ఒప్పుకుని పని సాగించడం. రెండూ కావాలంటే కుదరదు. ఈ వెలుగులో చూస్తే, రిజిస్ట్రేషన్ కార్యాలయంలో "రేపు రండి" అన్న మాట కొన్నిసార్లు సరైన సమాధానమే అవుతుంది. భూమి విషయంలో ఒక రోజు ఆలస్యం భరించవచ్చు, ఇద్దరు యజమానులను భరించలేం. చౌక దుకాణంలో బియ్యం విషయం వేరు. లైను లేని వేళ కార్డుదారుకు బియ్యం ఇచ్చేసి, వివరాలు యంత్రంలో దాచి సాయంత్రం పైకి పంపితే, మహా అయితే ఎవరో ఒకరు రెండుసార్లు తీసుకుంటారు, దాన్ని వచ్చే నెలలో సరిచేసుకోవచ్చు. రెండుచోట్లా ఒకే నెట్‌వర్కు పద్ధతి ఉండాలన్న నియమమేమీ లేదు.

ఇంత చెప్పినంత మాత్రాన నేను పీర్ టు పీర్‌కు వ్యతిరేకినని అనుకోరాదు. అది అద్భుతంగా పనిచేసే చోట్లు ఉన్నాయి, ఆ పనితనం లెక్కల్లోనే కనిపిస్తుంది. ఒక ఇంజనీరింగ్ కళాశాల ల్యాబులో 40 కంప్యూటర్లకు ఒక గిగాబైట్ సాఫ్ట్‌వేర్ పంపాలనుకుందాం. ప్రతి యంత్రం సెకనుకు 100 మెగాబిట్లు పంపగలదు, అంతే అందుకోగలదు. సర్వర్ ఒక్కటే అందరికీ విడివిడిగా పంపితే దాదాపు 53 నిమిషాలు పడుతుంది. ఆ ఫైలును ముక్కలు చేసి, అందిన ముక్కను ప్రతి కంప్యూటరూ వెంటనే పక్కవాటికి అందిస్తూ పోతే, సిద్ధాంతరీత్యా 80 సెకన్లు చాలు. ఆచరణలో కొన్ని నిమిషాలు అవుతుందనుకున్నా ఎంత తేడా ఉందో చూడండి. కంప్యూటర్లు 40 నుంచి 400 అయితే సర్వర్ ఒక్కటే మోసే పద్ధతిలో సమయం పదింతలవుతుంది. రెండో పద్ధతిలో అడిగేవారితోపాటు ఇచ్చేవారూ పెరుగుతారు కనుక సమయం దాదాపు పెరగదు. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన, ఫైళ్లు పంచుకునే బిట్‌టోరెంట్ పద్ధతి ఈ సూత్రం మీదనే నిలబడింది. ఉబుంటు, డెబియన్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టంలను నేటికీ ఈ దారిన న్యాయంగా పొందవచ్చు. విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా ఒకే కార్యాలయంలోని కంప్యూటర్లు అప్‌డేట్లను ఒకదాని నుంచి మరొకటి తీసుకునే సదుపాయం పెట్టింది. ఒకే బ్రాడ్‌బ్యాండ్ లైను మీద పదిహేను కంప్యూటర్లు నడిపేవారు సెట్టింగుల్లో దీన్ని తెరిచి ఉంచుకుంటే నెలనెలా లైను మీద పడే బరువు బాగా తగ్గుతుంది. అయితే స్థానిక నెట్‌వర్కులోని కంప్యూటర్లతోనే పంచుకునేటట్లు పెట్టుకోవాలి.

ఇది ఇంత చక్కగా సాగడానికి కారణం ఒకటుంది. అక్కడ పంచుకునే ఫైలు మారదు. ప్రతి ముక్కకూ ముందే ఒక గణిత ముద్ర సిద్ధం చేసి ఉంచుతారు కనుక, ముక్క ఏ అపరిచితుని కంప్యూటరు నుంచి వచ్చినా ముద్రతో సరిచూసుకుని, సరిపోకపోతే పారేసి మరొకరిని అడగవచ్చు. ఇచ్చేవాడిని నమ్మవలసిన పని లేదు. ఖాతాలో నిల్వ, స్థలం మీద హక్కు, ఆసుపత్రిలో మిగిలిన పడకల సంఖ్య అలాంటివి కావు. అవి గంటగంటకూ మారతాయి. పదిమంది దగ్గర పది ప్రతులుంటే వాటిలో తాజాది ఏదన్న ప్రశ్నకు ఎవరో ఒకరు తీర్పు చెప్పవలసిందే. మారని దాన్ని పంచడానికి పీర్ టు పీర్, మారే దాన్ని నిలపడానికి సర్వర్ అన్నది నా పనిలో నేను మొదట చూసుకునే సంగతి. కంప్యూటర్లు ఎన్నున్నాయన్నది ఆ తర్వాత చూస్తాను.

సర్వర్ లేకుండానే అందరూ ఒకే తీర్పుకు వచ్చే ఉపాయం లేకపోలేదు. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు అలాగే నడుస్తోంది. కానీ ఆ ఏకాభిప్రాయానికి చెల్లించే మూల్యం చూడండి: దాని లెక్కల పుస్తకంలో సగటున పది నిమిషాలకు ఒక్క పుట చొప్పున చేరుతుంది, సెకనుకు సుమారు ఏడు లావాదేవీలకు మించి పట్టదు. 2023 ఆగస్టులో మన యూపీఐ లావాదేవీలు నెలకు వెయ్యి కోట్లు దాటాయి. అంటే సగటున సెకనుకు 3,700 పైమాటే. అది ఒకే కేంద్రం మీదుగా నడిచే వ్యవస్థ. బీసెంట్ రోడ్డులో బజ్జీల బండి దగ్గర పది రూపాయలు స్కాన్ చేసి, అందరి ఏకాభిప్రాయం కోసం పది నిమిషాలు నిలబడేవారెవరు?

పీర్ టు పీర్ అంటే ఆగనిది, పడిపోనిది అన్న అపోహ కూడా ఒకటుంది. 1999లో వచ్చిన, పాటలు పంచుకునే సేవ అయిన నాప్‌స్టర్‌లో పాటలు వాడుకరుల కంప్యూటర్లలోనే ఉన్నా, ఏ పాట ఎవరి దగ్గరున్నదో చెప్పే సూచిక మాత్రం ఆ సంస్థ సర్వర్లలో ఉండేది. కాపీహక్కుల కేసులో కోర్టు ఆదేశాల ఫలితంగా 2001లో ఆ సూచిక ఆగగానే పాటలన్నీ ఎక్కడివక్కడే ఉండీ సేవ మూతపడింది. మొదట్లో పీర్ టు పీర్‌గా నడిచిన స్కైప్, 2007 ఆగస్టులో, విండోస్ అప్‌డేట్ల కారణంగా లక్షల కంప్యూటర్లు దాదాపు ఒకేసారి రీస్టార్ట్ అయి తిరిగి లాగిన్ కావడానికి ఎగబడటంతో సుమారు రెండు రోజులు కుప్పకూలింది. 2012 నాటికి ఎవరు ఎక్కడున్నారో చెబుతూ ఆ నెట్‌వర్కుకు కీలకమైన సూపర్‌నోడ్ కంప్యూటర్లను మైక్రోసాఫ్ట్ తన సొంత డేటా సెంటర్లకు మార్చుకుంది. మన మొబైల్ ఫోన్లకు మరో చిక్కు ఉంది. పాత పద్ధతి (ఐపీవీ4) ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం కలిపి సుమారు 430 కోట్లే కనుక, మొబైల్ కంపెనీలు వేలాది ఫోన్లను ఒకే బయటి చిరునామా వెనక దాచి ఉంచుతాయి. బయటినుంచి నేరుగా మన ఫోన్ తలుపు తట్టడం కష్టమవుతుంది. అందుకే వాట్సాప్‌లో సందేశాలు సర్వర్ మీదుగానే వెళతాయి, కాల్స్ మాత్రం వీలైతే నేరుగా, వీలుకాకపోతే సర్వర్ మీదుగా వెళతాయి. నేరుగా వెళ్లే కాల్‌లో మన ఇంటర్నెట్ (ఐపీ) చిరునామా అవతలివారి ఫోన్‌కు తెలుస్తుంది; వద్దనుకునేవారు ప్రైవసీ సెట్టింగుల్లో దాన్ని దాచుకోవచ్చు.

సర్వర్ల బలహీనతను నేను తక్కువ చేయడం లేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థ తన అంతర్గత నెట్‌వర్కులో చేసిన ఒక మార్పు వికటించి, ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతటా ఆగిపోయాయి. అంత దూరం పోనక్కరలేదు. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు అక్కడి ఒక రక్తపరీక్షల కేంద్రంలో సర్వర్ కింది అంతస్తులో, బల్ల అడుగున ఉంది. బ్యాకప్ తీసిన హార్డ్ డిస్క్ ఆ బల్ల సొరుగులోనే ఉంది. రెండూ కలిసే మునిగాయి. నీరు తీశాక నేను వెళ్లేసరికి డిస్కు లోపలి నుంచి బురదనీరు కారుతోంది. చివరికి పనికొచ్చినవి ఊళ్లో వేరే పేటల్లోని నమూనాలు సేకరించే శాఖల్లో, అక్కడి కంప్యూటర్లలో ఎవరో ఎప్పుడో దించుకుని తుడిచేయడం మరచిన రిపోర్టులు. నిర్లక్ష్యంగా మిగిలిపోయిన ఆ ప్రతులే రోగుల పాత రికార్డులను కొంతవరకు తిరిగి ఇచ్చాయి. సర్వర్ పద్ధతిలో ఉంటూనే పీర్ టు పీర్ నుంచి నేర్చుకోవలసింది ఇదే: తీర్పు చెప్పే చోటు ఒకటే ఉండాలి, ప్రతులు మాత్రం దూరదూరంగా చాలా ఉండాలి. రెండు డిస్కులు ఒకే పెట్టెలో పెట్టి దాన్ని బ్యాకప్ అనుకునేవారు ఇంకా చాలామందే ఉన్నారు.

కనుక ఆ పాఠక మిత్రుడు ప్రభుత్వాన్ని అడగవలసినది మరొకటి. ప్రధాన సర్వర్ ఆగితే పని అందుకునే రెండో సర్వర్ ఉన్నదా, ఉంటే అది అదే భవనంలో ఉన్నదా లేక వేరే నగరంలో ఉన్నదా, దాన్ని చివరిసారి ఏ తేదీన నిజంగా నడిపి చూశారు? ప్రతి శాఖా తన వెబ్‌సైటులో, గడచిన నెలలో సేవ ఎన్ని గంటలు ఆగిందో, ఎందుకు ఆగిందో ప్రకటించాలి. కార్యాలయంలో పని ఆగిన రోజున, వచ్చినవారికి టోకెన్ నంబరు ఇచ్చి, మర్నాడు ఆ వరుసలోనే పిలవడానికి ఏ సర్వరూ అక్కరలేదు. ఒక పుస్తకం, ఒక కలం చాలు. మీ విలేఖరులు జిల్లా అధికారులను కలిసినప్పుడు ఈ ప్రశ్నలు అడిగి, వచ్చిన జవాబులను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్,
గవర్నర్‌పేట, విజయవాడ